గుంట ఓనమాలు

మొన్నొక సాయంత్రం పక్కింటి పసిపిల్ల ఏడుపు వినిపించి వెళ్ళి చూశాను. పిల్లకు ఇంకా నాలుగేళ్ళు నిండలేదు. ముందర గీతల పుస్తకం, పిడికిట్లో పెన్సిలు. చుక్కల మీదుగా పుటనిండా 'అ' దిద్దుకొని రమ్మని బడిలో చెప్పారట. మూడు అక్షరాలు దిద్ది, నాలుగోదాని దగ్గర పెన్సిలు ముల్లు విరగ్గొట్టి, చెయ్యి నొప్పి అని ఏడుస్తోంది. "వేళ్ళతో పట్టుకోవే, పిడికిలితో కాదు" అని తల్లి అదలిస్తోంది. గడపలో కూర్చున్న మామ్మగారు మాత్రం, "మాకు ఇసుకలో దిద్దించేవారమ్మా, చెయ్యి నొప్పి అన్నవాళ్ళు లేరు" అని ఒక్క మాట అని ఊరుకున్నారు.

ఆ ఒక్క మాట వెంటబడి పాత పుస్తకాలు తిరగేస్తే తేలిన సంగతులే ఈ వ్యాసం. బడిలో అడుగుపెట్టే బిడ్డ వేళ్ళను రాతకు సిద్ధం చేయడమనే చిన్న పని వెనుక ఇంత చరిత్ర ఉందని నేను అనుకోలేదు. అందులో కొంత మన వీధి అరుగుల మీదనే జరిగిందని అసలే అనుకోలేదు.

ముందుగా మాట దగ్గర మొదలుపెడదాం. ఏ విద్యలోనైనా తొలిమెట్టును మనం 'గుంట ఓనమాలు' అంటాం. "ఓం నమః శివాయ, సిద్ధం నమః" అన్న మంగళవాక్యంలోని అక్షరాలే ఓనమాలు. ఇసుకలో వేలు కదిలిన మేర పడే చాలు గుంట. పంతులుగారు ఇసుకలో అక్షరం గీస్తే, ఆ గాడి వెంట బిడ్డ తన చూపుడువేలు నడిపేవాడు. అంటే మన భాషలో చదువు పుట్టినచోట కన్ను గానీ నోరు గానీ లేదు, వేలు ఉంది. ఆ పనికి మనం వాడే క్రియ కూడా గమనించదగినది. 'దిద్దడం' అంటే రాసినదాని మీద మళ్ళీ రాయడం, తప్పును సవరించడం కూడా. రెండు పనులకూ ఒకే మాట చాలిందంటే, ఆ రెండూ ఒకే వేలి కదలికలో కలిసి జరిగేవని కాబోలు.

* * *

ఈ ఇసుక రాత ఎంత పాతదో చెప్పడం కష్టం. విదేశీయులు చూసి రాసిన సాక్ష్యాలు మాత్రం దొరుకుతున్నాయి. ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె 1623లో పడమటి కనుమల దారిన ఇక్కేరికి పోతూ, ఒక గుడి పంచలో నలుగురు పిల్లలు లెక్కలు నేర్చుకోవడం చూశాడు. నేలపై సన్నని ఇసుక పరచి, పాఠాన్ని రాగయుక్తంగా పాడుతూ, పాడిన అంకెనల్లా వేలితో రాస్తున్నారు. నేల నిండిపోగానే చెరిపి, కొత్త ఇసుక చల్లుకొని మళ్ళీ మొదలుపెడుతున్నారు. పక్కన గురువు లేడు. ఒకరికొకరు తప్పులు చెప్పుకుంటున్నారు.

మనకు మరింత దగ్గరి సాక్ష్యం రెండు వందల ఏళ్ళ తరువాతిది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాజధాని పరిధిలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న పంపిన జాబు వాటిలో ప్రసిద్ధమైనది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించిన క్యాంప్‌బెల్ ఇతడే. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి అనంతపురం ప్రాంతం కూడా ఉండేది. ఆ భాగం విడిపోయి వేరే జిల్లా అయింది 1882లో. క్యాంప్‌బెల్ లెక్క ప్రకారం జిల్లాలో 533 బడులు, 6,641 మంది చదువరులు. వాటిలో 235 కన్నడం నేర్పేవి, 226 తెలుగు నేర్పేవి.

అక్షరాభ్యాసాన్ని అతడు వర్ణించిన తీరు చదివితే మన ఇంట్లో తంతే చూస్తున్నట్టుంటుంది. బిడ్డకు అయిదేళ్ళు రాగానే గురువునూ బడిపిల్లలనూ ఇంటికి పిలుస్తారు. వినాయకుడి ప్రతిమ చుట్టూ అందరూ కూర్చుంటారు. బిడ్డను ప్రతిమకు ఎదురుగా కూర్చోబెట్టి, గురువు ఆ చిన్ని వేలు పట్టుకొని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడు. మర్నాటినుంచి బడి.

బడిలో తొలిపాఠం గురించి క్యాంప్‌బెల్ ఒక ముఖ్యమైన సంగతి పట్టుకున్నాడు. ఐరోపావారు అక్షరాలను ముందు పలికించి నేర్పితే, ఇక్కడ ఇసుకలో వేలితో రాయించి నేర్పుతున్నారని రాశాడు. వేలి రాత బాగా కుదిరిన తరువాతనే తాటాకు మీద ఇనుప గంటంతోనో, కాగితం మీద రెల్లు కలంతోనో, పలకవంటి సాధనం మీద బలపంతోనో రాసే హక్కు వస్తుంది. ఆ సాధనాలు రెండు రకాలు. ఒకటి, చిత్రిక పట్టి అన్నమూ బొగ్గుపొడీ పూసిన చెక్కపలక. రెండవది, గంజి పెట్టి మడతలుగా మడిచి, బొగ్గూ జిగురూ పట్టించిన గుడ్డ. దీన్నే మనవాళ్ళు కడితము అన్నారు. తడిగుడ్డతో తుడిస్తే రెండూ మళ్ళీ కొత్తవే.

వరుస చూడండి. ముందు ఒట్టి వేలు. పట్టుకోవలసినది ఏదీ లేదు. తరువాత లావుపాటి బలపం. ఆ తరువాత కలం. చిట్టచివర గంటం. గంటం పట్టడం సామాన్యమైన విద్య కాదు. ఆకు ఎడమచేతిలో ఉంటుంది, గంటం కుడిచేతిలో. ఎడమ బొటనవేలు గంటానికి ఆసరాగా నిలవాలి. ఎక్కువ నొక్కితే ఆకు చిరుగుతుంది, తక్కువైతే గీత పడదు. ఈనె వెంట పొడుగు గీత గీస్తే ఆకు చీలుతుంది కనుకనే మన అక్షరాలు గుండ్రబడ్డాయని పెద్దలు చెబుతారు. రెండు చేతులూ కలిసి చేసే ఆ పనికి ఇసుక తొలి కసరత్తు.

ఇదంతా చదివి వీధిబడిని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఆ జాబులోనే మరో వర్ణన ఉంది. ఉదయం బడికి అందరికన్న ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారట. రెండవవాడి చేతిలో సున్న. మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, అలా ఒకటొకటి పెరుగుతూ పోతాయి. అక్షరం నేర్చిన అరచేయే దెబ్బలూ తిన్నది. అర్థం తెలియని పద్యాలను పిల్లలు వల్లెవేస్తున్నారని కూడా క్యాంప్‌బెల్ విమర్శించాడు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. ఈ అంకె దగ్గరకు చివర మళ్ళీ వద్దాం.

* * *

క్యాంప్‌బెల్ జాబులో మరో వాక్యం ఉంది. ఇంత చవకగా రాత నేర్పడమూ, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించడమూ మెచ్చదగినవనీ, ఇంగ్లండు వీటిని అనుకరించడం సమంజసమేననీ దాని భావం. ఇంగ్లండు వీటిని ఎప్పుడు అనుకరించింది?

ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు 1787లో మద్రాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒక ఉదయం గుర్రం మీద పోతూ ఒక దేశీయ బడి ముందు పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు రాయడం చూశాడు. తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమన్నాడు. అక్కడి ఉపాధ్యాయులు కుదరదు పొమ్మన్నారు. బెల్ పట్టు విడవక, జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ తరగతి అప్పగించాడు. పెద్దలు కాదన్న పని పిల్లవాడు చేసి చూపించాడు. ఆ అనుభవాన్ని బెల్ 1797లో లండనులో చిన్న పుస్తకంగా అచ్చువేశాడు.

అటు జోసెఫ్ లాంకాస్టర్ అనే యువకుడు 1798లో లండను బరో రోడ్డులో పేదపిల్లలకు బడి పెట్టాడు. కాగితం, కలం కొనే స్తోమత లేని బడిలో అతడూ ఇసుకబల్లలు వాడాడు. అంచులున్న బల్ల మీద పొడి ఇసుక పరుస్తారు. పసివాళ్ళు వరుసగా కూర్చొని వేలితో అక్షరం రాస్తారు. పెద్ద పిల్లవాడొకడు చూసి, సాపుచేసి, మరో అక్షరం చెబుతాడు. బెల్ పద్ధతిని అనుసరించే సంఘం 1811లో ఏర్పడింది. ఈ పద్ధతి ఎవరు ముందు కనిపెట్టారని ఇద్దరి అనుయాయులూ ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. 1832లో మరణించిన బెల్‌ను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారు. ఎగ్మూరు దారిపక్క ఇసుకలో రాస్తూ కనిపించిన ఆ పిల్లల పేర్లు గానీ, వాళ్ళ గురువు పేరు గానీ ఏ పుస్తకంలోనూ లేవు.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. బెల్, లాంకాస్టర్ ఇసుకలో చూసింది పొదుపును. ఒక్క గురువుతో, చిల్లర ఖర్చుతో వందల మందికి రాత నేర్పవచ్చునన్నదే వారి ఉత్సాహం. ఆ ఇసుక బిడ్డ చేతికి ఏం చేస్తున్నదన్న ప్రశ్న వారు వేయలేదు. ఆ ప్రశ్న వేసినవారు వేరే ఉన్నారు.

* * *

జర్మనీలో ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గ్‌లో పసిపిల్లల శాల ప్రారంభించాడు. 1840లో దానికి 'కిండర్‌గార్టెన్', అంటే పిల్లలతోట అని పేరు పెట్టాడు. అక్కడ అక్షరాలు లేవు. నూలు బంతులు, చెక్క గోళం, ఘనం, చిన్న చిన్న దిమ్మెలు. వాటితోపాటు కాగితం మడవడం, కాగితపు పట్టీలను చాపలా అల్లడం, సూదితో పొడవడం, కుట్టడం, మట్టితో బొమ్మలు చేయడం. ఏ పనిలో చూసినా వేళ్ళకే పని. ప్రష్యా ప్రభుత్వం 1851లో ఈ శాలలను నిషేధించింది. 1860లో గానీ నిషేధం ఎత్తివేయలేదు. ఫ్రోబెల్ 1852లోనే కన్నుమూశాడు.

ఆ చాపల అల్లికే మరో ఆలోచనకు విత్తనమైంది. ఇటలీ వైద్యురాలు మరియా మాంటిసోరి మందబుద్ధులని లోకం వదిలేసిన పిల్లలకు చదువు చెబుతుండేవారు. వారిలో ఒక పదకొండేళ్ళ బాలికకు ఎంత నేర్పినా కుట్టు రాలేదు. మాంటిసోరి కుట్టు నేర్పడం మానేసి, ఆ పిల్ల చేత ఫ్రోబెల్ కాగితపు చాపలు అల్లించారు. ఒక పట్టీ పైనుంచి, ఒక పట్టీ కిందనుంచి. కొన్నాళ్ళకు మళ్ళీ సూది ఇస్తే పిల్ల కుట్టేసింది. దీనినుంచి మాంటిసోరి గ్రహించింది ఇది: ఒక పనికి కావలసిన కదలికలను ఆ పని చేయించకుండానే, మరో పని ద్వారా చేతికి ముందే అలవాటు చేయవచ్చు. రాతకూ అంతే. రాయించకముందే రాసే చెయ్యి తయారుకావాలి.

1907 జనవరి 6న రోమ్ నగరంలోని సాన్ లోరెంజో పేటలో, కూలివాళ్ళ పిల్లల కోసం ఆమె 'బాలల ఇల్లు' తెరిచారు. అక్కడి పిల్లలు బొత్తాలు పెట్టుకోవడం, ముడులు వేయడం నేర్చారు. చిన్న పిడి ఉన్న చెక్కముక్కలను మూడువేళ్ళతో ఎత్తి గుంటల్లో అమర్చారు. లోహపు చట్రాల లోపల రంగు పెన్సిళ్ళతో గీతలు నింపారు. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద కళ్ళు మూసుకొని వేలు నడిపారు. గరుకు కాగితపు అక్షరం అన్నమాట చదవగానే మన గుంట ఓనమాలు గుర్తురాక మానవు. ఒకటి ఉబ్బెత్తు, ఒకటి గుంట. వేలికి దారి చూపడం రెండింటి పనీ.

ఆ ఏడాది చలికాలంలో జరిగిన ఒక సంఘటనను ఆమె తన పుస్తకంలో చెప్పారు. పిల్లలతో మేడమీద ఉండగా అయిదేళ్ళవాడొకడికి సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వెయ్యమన్నారు. వాడు బొమ్మ వేసి, ఒక్క క్షణం ఆగి, "నాకు రాయడం వచ్చు" అని కేకపెట్టి, నేలమీద ఒక మాట రాశాడు. వాడి చేత అంతకుముందు ఎవరూ ఒక్క మాటా రాయించలేదు. వాడు రాసిన తొలిమాట 'మానో'. ఇటాలియనులో దాని అర్థం 'చెయ్యి'.

ఆ మాంటిసోరి 1939 నవంబరులో మద్రాసు వచ్చి, అడయారు దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశపు పౌరురాలిగా ఆంక్షలు మీదపడి, 1946 దాకా మన దేశంలోనే ఉండిపోయారు. ఎగ్మూరునుంచి ఇసుకరాత పడమటికి పోయిన నూటయాభై ఏళ్ళకు, వేలి చదువు శాస్త్రరూపం ధరించి అదే మద్రాసుకు రావడం యాదృచ్ఛికమే. అయినా తలచుకుంటే మనసుకు ఒక తృప్తి.

* * *

ఇప్పటి శరీరశాస్త్రం ఈ కథకు కొంత వెలుగునిస్తుంది. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. పుట్టిన బిడ్డకు అవన్నీ మృదులాస్థి రూపంలో ఉంటాయి. ఒకటొకటిగా గట్టిపడుతూ, అన్నీ పూర్తయ్యేసరికి బిడ్డకు ఇంచుమించు పన్నెండేళ్ళు వస్తాయి. చేతి పట్టు కూడా భుజంనుంచి వేళ్ళ దిశగా పాకుతూ వస్తుంది. ఏడాదిన్నర బిడ్డ పెన్సిలును పిడికిలితో పట్టి భుజంతో గీస్తాడు. మూడువేళ్ళ పట్టు సాధారణంగా నాలుగయిదేళ్ళకు కుదురుకుంటుంది, కొందరికి ఇంకా ఆలస్యంగా. పక్కింటి పిల్ల పిడికిలి తప్పు కాదు, వయసు.

మరో పరిశోధన నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. అమెరికాలో కారిన్ జేమ్స్ బృందం చదవడం రాని అయిదేళ్ళ పిల్లలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించింది. కొన్ని అక్షరాలను చేత్తో స్వయంగా రాయించారు, కొన్నింటిని చుక్కల మీద దిద్దించారు, కొన్నింటిని మీటలు నొక్కించి నేర్పారు. తరువాత అవే అక్షరాలు చూపుతూ మెదడును పరీక్షిస్తే, చదివేటప్పుడు పనిచేసే భాగాలు మేల్కొన్నది స్వయంగా రాసిన అక్షరాలకే. దిద్దిన అక్షరాలకు ఆ గుణం కనబడలేదు.

అయితే మన 'దిద్దడం' వృథాయేనా? నాకు తోచినది చెబుతాను. గురువు గీసిన గుంట వెంట నాలుగుసార్లు వేలు నడిస్తే ఇసుక చెదిరిపోతుంది. చెదిరాక సాపుచేసి పిల్లవాడు సొంతంగా రాయవలసిందే. వంకరపోతే ఒక్క తుడుపు. తప్పు సాక్ష్యంగా మిగలదు. ఇసుక తానే ఆసరా ఇచ్చి, తానే ఆసరా తీసేస్తుంది. అచ్చుపుస్తకంలో చుక్కలు అలా కావు. పుట చివరిదాకా ఆసరా వదలవు. రబ్బరు పెట్టినా తప్పు మచ్చ వదలదు. పాత సాధనాలన్నిటికీ ఉండి కొత్త పుస్తకానికి లేనిది ఈ చెరిపే సౌలభ్యమే. ఇసుక, కడితము, ఆపైన మార్కాపురం రాతిపలక, అన్నీ చెరిపి మళ్ళీ రాసుకొనేవే. ఒకప్పుడు దేశమంతటికీ పలకలు పంపిన మార్కాపురంలో, బడుల్లో నోటుపుస్తకాలు పెరిగినకొద్దీ ఆ పరిశ్రమ సన్నగిల్లింది.

* * *

చివరికి, వదిలేసిన అంకె. 6,641లో 60.

రాతకు వేళ్ళను సిద్ధం చేసే పనుల జాబితా ఎవరైనా వేస్తే, అందులో సగం మన ఆడపిల్లల ఆటలే ఉంటాయి. ముగ్గుపిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, సన్నని ధార తెగకుండా చుక్కల చుట్టూ తిప్పడం కలం పట్టడానికి అచ్చమైన శిక్షణ. అచ్చనగాయలు ఎగరేసి పట్టడం, వామనగుంటల్లో చింతగింజలు ఒకటొకటే వదలడం, మల్లెలు దండకట్టడం, బియ్యంలో రాళ్ళేరడం, అన్నీ అంతే. గంటం పట్టగల వేళ్ళు ఇంటింటా తయారయ్యాయి. వాటికి మనం గంటం ఇవ్వలేదు.

మగపిల్లలలోనూ అదే కథ. మగ్గం దగ్గర తెగిన పోగు ముడివేసే బిడ్డకు, సారె పక్కన మట్టి పిసికే బిడ్డకు, తోలు కుట్టే బిడ్డకు వేళ్ళ నేర్పు ఎవరూ నేర్పనక్కరలేదు. ఇంగ్లండు బట్ట వచ్చి పడి చేనేతవారి బతుకులు చితికిపోతున్నాయనీ, పిల్లలకు ఏ కాస్త ఓపిక రాగానే పనిలో పెట్టవలసి వస్తున్నదనీ, బడులు క్షీణించడానికి ఇదీ కారణమనీ ఆ ఆంగ్ల కలెక్టరే తన జాబులో రాశాడు. పని తెలిసిన చేతికి అక్షరం లేదు, అక్షరం ఉన్న చేతికి పని తెలియదు. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ ఈ చీలికను పూడ్చాలనే ప్రయత్నం. తన చేతిరాత బాగుండదని జీవితాంతం నొచ్చుకున్న ఆయన, పిల్లలకు రాతకన్న ముందు బొమ్మలు గీయడం నేర్పాలని ఆత్మకథలో రాసుకున్నారు. ఆ విద్యావిధానం నిలదొక్కుకోలేదు. అది వేరే కథ.

ఇప్పుడు ఆడ, మగ తేడా లేకుండా బిడ్డలు బడికి పోతున్నారు. ఇది నిజంగా మన తరాల విజయం. కానీ బడిలోకి బిడ్డనంతా రానిచ్చి, వేళ్ళను మాత్రం తొందరపెడుతున్నాం. 2020 జాతీయ విద్యావిధానం మూడునుంచి ఎనిమిదేళ్ళ వరకు పునాది దశగా గుర్తించి, ఆటపాటల చదువు కావాలన్నది. కాగితం మీద మాట సరిగానే ఉంది. పక్కింటి పిల్ల కాగితం మీద మాత్రం చుక్కలే ఉన్నాయి.

ఆ సాయంత్రం మామ్మగారు లేచి, ఒక పళ్ళెంలో బొంబాయిరవ్వ పోసి, సాపుచేసి పిల్ల ముందు పెట్టారు. పిల్ల ఏడుపు ఆపి, వేలితో ముందు ఒక సున్న చుట్టింది. తుడిచేసింది. మళ్ళీ చుట్టింది. 'అ' రాసిందా అంటే, రాయలేదు. అరగంటసేపు సున్నలే చుట్టింది. పుట మాత్రం తల్లే పూర్తిచేసి పంపింది.

మీ ఇళ్ళల్లో, మీ ఊరి బడుల్లో ఇసుకలో దిద్దినవారు ఇంకా ఉంటే, వారు ఏ ఇసుక వాడారో, ఏ పాట పాడారో అడిగి రాసిపెట్టండి. ఆ ఇసుక చెరిగిపోయేదే. ఆ జ్ఞాపకమైనా అక్షరాల్లో ఉండనిద్దాం.